దూలము అతుకు తప్పినచో నేలను చూడవలెను

నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోవు రాజమార్గము సుమారు 40 కిలోమీటరుల దూరము. తూర్పున నల్లమల కొండలు, పడమట కుందూ నది, నడుమ నల్లరేగడి భూములు. ఆళ్లగడ్డ సమీపించుకొలది ఉలి చప్పుడు వినవచ్చును. సగము చెక్కిన ద్వారపాలకులు, ప్రక్కకు పడుకొనబెట్టిన నందులు, ఇంకను రాతిలోనుండి పూర్తిగా వెలికిరాని దేవతామూర్తులు శిల్పశాలల ముందర కనబడును. ఇచట రూపుదిద్దుకొన్న విగ్రహములు మన రాష్ట్రపు దేవాలయములకే కాక పరరాష్ట్రములకును, విదేశములకును పోవుచున్నవి.

చూచువారందరు శిల్పి చేతిని మెచ్చుకొందురు. అది న్యాయమే. కాని ఆ చేయి పని మొదలుపెట్టుటకు ముందు రాయి లేవవలెను, కదలవలెను, పీఠము మీదికి చేరవలెను. ఒక ఘనపుటడుగు నల్లరాయి సుమారు 76 కిలోగ్రాముల బరువుండును. 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల మందముగల రాయి 36 ఘనపుటడుగులు; అనగా సుమారు 2,700 కిలోగ్రాములు. దానిని భుజబలముతో ఎత్తుట అసాధ్యము. పూర్వము మొద్దులు, మోకులు, ఏటవాలు కట్టలు ఈ పనికి తోడ్పడెను. తరువాత ముక్కాలి గుంజలకు కట్టిన చైను బ్లాకు వచ్చినది. పని పెరిగిన చోట్ల తల మీదుగా ఒక ఇనుప దూలమును బిగించి, దాని వెంట కదలు ట్రాలీకి ఆ చైను బ్లాకును తగిలింతురు. దీనినే మోనోరైలు దూలమందురు. నాపరాళ్లు కోసి పాలీషు పట్టు శాలలందును, సిమెంటు కర్మాగారములందును, మోటారులు విప్పు మరమ్మతు కొట్టములందును ఇట్టి దూలములకు పని కలదు. నేటి ప్రసంగము ఆ దూలపు అతుకును గూర్చినది.

మోనోరైలనగా పట్టణములలో ప్రయాణికులను మోయు బండి గుర్తునకు రావచ్చును. ఇది అంత గొప్పది కాదు. దూలమును అడ్డముగా కోసి చూచినచో ఆంగ్లమందలి 'ఐ' అక్షరమువలె నుండును. పైన ఒక పట్టీ, క్రింద ఒక పట్టీ, నడుమ నిలువు రేకు. ఈ పట్టీలకే ఫ్లాంజి యని పేరు. రైలుబండి చక్రములు పట్టా నెత్తి మీద నడచును. ఇచట ట్రాలీ చక్రములు క్రింది ఫ్లాంజి రెండు రెక్కల మీద, నిలువు రేకునకు అటు రెండు, ఇటు రెండుగా నడచును. భారమంతయు వాని క్రింద వ్రేలాడును. ఇనుప దూలములు మనకు కావలసినంత పొడవున దొరకవు గనుక, రెండు మూడు ముక్కలను కొసకు కొస చేర్చి అతుకుదురు. రైలు పట్టా అతుకు మీద చక్రము పడినపుడు టకటకమను శబ్దము మనమందరము వినియుంటిమి. అచట చక్రము పట్టా మీద నున్నది. బండి క్రింద మనుష్యుడుండడు. ఇచట మాత్రము అతుకు తల మీద నున్నది. దాని క్రింద టన్నుల కొలది రాయి, ఆ రాయి ప్రక్కన మనుష్యులు ఉందురు. అందువలన ఈ అతుకులో రెండు మిల్లీమీటరుల తేడా కూడ చిన్న సంగతి కాదు.

ఆ రెండు మిల్లీమీటరులు ఏమి చేయునో లెక్క కట్టి చూతము. ట్రాలీ చక్రము అడ్డుకొలత 120 మిల్లీమీటరులు అనుకొనుడు. దూలమునకు రెండు టన్నుల రాయి వ్రేలాడుచున్నది. అతుకు సరిగా నున్నచో, మంచి బేరింగులు గల ట్రాలీని కదల్చుటకు 30, 40 కిలోగ్రాముల లాగుడు చాలును. ఇద్దరు మనుష్యులు తేలికగా లాగుదురు. అతుకు వద్ద ఎదుటి ముక్క 2 మిల్లీమీటరులు ఎత్తుగా నున్నచో, ముందరి రెండు చక్రములు ఆ మెట్టు ఎక్కుటకు సుమారు 265 కిలోగ్రాముల తోపు కావలెను. మెట్టును సగమునకు తగ్గించి 1 మిల్లీమీటరు చేసినను ఇంకను 185 కిలోగ్రాములు కావలసి యుండును. మెట్టు తగ్గినంతగా కష్టము తగ్గదన్నమాట. కావున ట్రాలీ ఆగిపోవును. మనుష్యులు బలము కొలది లాగుదురు. చక్రము ఒక్కసారిగా మెట్టెక్కి దూకును. రాయి మాత్రము వెనుకబడి, తరువాత ముందునకు ఊగును. 3 మీటరుల గొలుసునకు వ్రేలాడు రాయి ఒకసారి పోయి వచ్చుటకు సుమారు మూడున్నర సెకనులు పట్టును. ఆ నెమ్మదిని చూచి, చేతితో ఆపవచ్చునని మనుష్యుడు భ్రమపడును. ఆ భ్రమయే ప్రాణాంతకము.

ఇట్టి సంగతి యొకటి నేను దగ్గరనుండి చూచితిని. ఆ ప్రాంతముననే రేగడి నేలలో ఒక రాతిపని కొట్టము కలదు. మొదట ఆరు మీటరుల పొడవున కట్టిరి. పని పెరుగగా దాని ప్రక్కనే మరియొక ఆరు మీటరుల కొట్టమును చేర్చిరి. పాత కొట్టపు చివరి స్తంభము, కొత్త కొట్టపు మొదటి స్తంభము ప్రక్కప్రక్కనే నిలిచినవి. ఒక్కొక్క దూలము తన స్తంభము మీద ఆనుకొనగా, రెండు స్తంభముల నడుమ అతుకు పడినది. మొదటి సంవత్సరము అంతయు సవ్యముగా జరిగెను. రెండవ సంవత్సరము వానలు పడిన పిమ్మట అతుకు వద్ద ట్రాలీ తట్టుకొనసాగెను. మెకానిక్కును పిలిచిరి. అతడు కొత్త దూలపు కొస ఎత్తుగా నున్నదని కనుగొని, గ్రైండరుతో దానిని అరగదీసి, ట్రాలీ నున్నగా పోవునట్లు చేసెను. అందరు సంతోషించిరి. వేసవి వచ్చెను. ఈసారి పాత దూలపు కొస ఎత్తయినది! మెకానిక్కు దానిని కూడ అరగదీసెను. మరల వానలు, మరల వేసవి. నాలుగు సంవత్సరములిట్లు జరిగెను.

అయిదవ సంవత్సరము ఒకటిన్నర టన్నుల రాయి అతుకు వద్ద ఆగెను. కుర్రవాండ్రు నలుగురు తాడు పట్టి లాగబోగా, ముసలి శిల్పి యొకడు వారిని రాతికి ఎదురుగా నిలువవద్దని కేకవేసి ప్రక్కకు జరిపించెను. వారు ప్రక్కనుండియే లాగిరి. ట్రాలీ దూకెను. రాయి ఊగిపోయి, అయిదు నెలలుగా చెక్కుచున్న ఒక మూర్తి భుజమునకు తగిలెను. భుజము విరిగిపోయెను. మనుష్యులకు దెబ్బ తగులలేదు. ఆ మూర్తి నిలిచియున్న చోటనే కొంతసేపటి ముందు ఒక కుర్రవాడు కూర్చుండి ఉలికి సానపట్టుచుండెను.

నన్ను పిలిచిన నాడు యజమాని అడిగిన ప్రశ్న యిది: మెకానిక్కు సరిగా అరగదీయలేదా? సమాధానము ముసలి శిల్పియే చెప్పెను. "పీఠం వంకర పోతే దేవుడి ముక్కు చెక్కుతామా సామీ?" అనెను. ఇంజనీరింగు గ్రంథములలో పెక్కు పుటలు తీసికొను విషయమును అతడొక్క వాక్యమున తేల్చివైచెను. అతుకు వద్ద కనబడిన దోషము అతుకులో పుట్టినది కాదు. అది క్రిందినుండి వచ్చినది.

నీటిమట్టపు గొట్టముతో స్తంభముల ఎత్తులు కొలిచితిమి. పారదర్శకమైన సన్నని గొట్టమున నీరు నింపి, గాలి బుడగలు లేకుండ చూచి, రెండు కొసలను రెండు స్తంభముల వద్ద పట్టుకొనినచో నీరు ఒకే మట్టమున నిలుచును. తాపీ పనివారందరు ఎరిగిన పరికరమే యిది, ఖర్చు స్వల్పము. వానకాలమున కొత్త స్తంభము పాతదానికంటె 4 మిల్లీమీటరులు ఎత్తుగా నుండెను. వేసవిలో మరల కొలువగా 2 మిల్లీమీటరులు పల్లముగా నుండెను. స్తంభము ఊపిరి పీల్చి విడుచుచున్నట్లుండెను.

దీనికి కారణము రైతులకు తెలియును. నల్లరేగడి వేసవిలో ఎండి నెర్రెలు విచ్చును; వాన పడగానే ఉబ్బి ఆ నెర్రెలు మూసికొనును. ఈ నేలలో మాంట్‌మోరిల్లొనైటు అను జాతి బంకమన్ను కలదు. దాని కణములు పలుచని పొరలుగా నుండి, పొరల నడుమ నీటిని ఇముడ్చుకొని ఉబ్బును; నీరు పోగానే ముడుచుకొనును. పై పొరలలో ఈ మార్పు మిక్కిలి ఎక్కువ. లోతునకు పోయినకొలది తేమ మారదు గనుక ఉబ్బుట కూడ తగ్గును. పాత స్తంభము గట్టి మొరము మీద నిలిచియుండెను. కొత్త స్తంభమునకు పునాది లోతు చాలలేదు. దానికి తోడు రెండు కప్పుల నడుమ పడిన వాననీరంతయు సరిగా ఆ స్తంభపు మొదటనే కారుచుండెను. కప్పునకు దోనె కట్టని దోషము దూలపు అతుకులో కనబడినది.

అరగదీయుటవలన నష్టమేమని యడుగవచ్చును. 250 మిల్లీమీటరుల ఎత్తుగల సాధారణ ఐ దూలపు ఫ్లాంజి మందము సుమారు 12.5 మిల్లీమీటరులు. ఏడాదికి ఒక్క మిల్లీమీటరు చొప్పున నాలుగేండ్లు అరగదీసినచో 8.5 మిల్లీమీటరులు మిగులును. మూడింట రెండు వంతులు మిగిలెను గదా యని తృప్తిపడరాదు. చక్రము క్రింద వంగు రెక్క బలము మందపు వర్గమును అనుసరించి యుండును. ఆ లెక్కన మిగిలిన బలము సగమునకంటె తక్కువ. అదియు కొస యందు. నడుమనున్న ఫ్లాంజికి చక్రమునకు ముందు వెనుకల ఇనుమున్నది. అతుకు వద్ద కొసకు ఒక్క ప్రక్కనే ఆధారము. బలము మిక్కిలి కావలసిన చోటనే బలమును చెక్కివేయుచున్నామన్నమాట. ట్రాలీ నున్నగా పోవుచుండుటచే ఆ సంగతి ఎవ్వరికిని తెలియదు.

కావున అతుకు సరిచేయువాడు మొదట గ్రైండరు పట్టరాదు. సుద్దముక్క, కొలబద్ద, ఒక పుస్తకము పట్టవలెను. అతుకు తప్పు నాలుగు విధములుగా నుండును. ఒక ముక్క ఎత్తు, ఒక ముక్క పల్లము అయినచో అది మెట్టు. ట్రాలీ ఒక దిశలో పోవునపుడు ఆగి, తిరిగి వచ్చునపుడు దబ్బున క్రిందికి పడినచో మెట్టున్నదని గ్రహింపవలెను. రెండవది ప్రక్కకు తొలగుట. చక్రపు అంచు రాచుకొని ఫ్లాంజి ప్రక్కన మెరయు గీత పడును. మూడవది కొసల నడుమ సందు. ఎటు పోయినను చప్పుడగును. నాలుగవది మడత. రెండు ముక్కలు కొసల వద్ద కలిసియే యుండును గాని ఒకే వరుసలో నుండవు; భారముతో ట్రాలీని వదలినచో తనంత తాను పల్లము వైపు జారును.

విధము తెలిసిన పిమ్మట కారణము వెదకవలెను. అందులకు నేను నాలుగు ప్రశ్నలు వేయుదును. ఈ తప్పు భారముతో మారుచున్నదా? పూటతో మారుచున్నదా? ఋతువుతో మారుచున్నదా? ఎన్నడును మారక అట్లే యున్నదా?

భారముతో మారునది బిగువు లోపము. ఖాళీ ట్రాలీ నున్నగా పోయి, బరువు తగిలింపగానే అతుకు విడినచో, అతుకు పలకల బోల్టులో, దూలమును వ్రేలాడదీసిన కడ్డీల నట్టులో సడలినవని తెలియవలెను. అయితే భారము పడినపుడు దూలము నడుమ కొంచెము క్రుంగుట సహజమే. భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 800, తన 2007 నాటి ప్రతిలో, చేతితో నడుపు ఎత్తు యంత్రములను మోయు దూలము తన పొడవులో 500వ వంతు వరకు క్రుంగవచ్చునని చెప్పినది. 6 మీటరుల దూలమునకు అది 12 మిల్లీమీటరులు. విద్యుత్తుతో నడచునవి 50 టన్నుల లోపు వైనచో 750వ వంతు, అనగా 8 మిల్లీమీటరులు. ఈ క్రుంగుట దూలపు పొడవునా మెల్లగా వంగునది. అతుకు వద్ద ఒక్కసారిగా విరిగినట్లు కనబడునది కాదు. మొదటిది స్వభావము, రెండవది దోషము.

పూటతో మారునది ఎండ పని. ఇనుము వేడికి సాగును. 12 మీటరుల దూలము 30 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 4 మిల్లీమీటరులు సాగును. వేసవిలో రేకు కప్పు క్రింద నుండు దూలమునకు ఈ తేడా కష్టము కాదు. రెండు కొసలను కదలకుండ బిగించినచో సాగుటకు చోటు లేక దూలము ప్రక్కకు వంగును, లేక స్తంభమును నెట్టును. ఒక కొసను స్థిరముగా బిగించి, రెండవ కొసకు కోలగా నున్న రంధ్రములు పెట్టి, సాగుటకు చోటు విడువవలెను. ఉదయము 6 గంటలకు, మధ్యాహ్నము 2 గంటలకు కొలిచి వ్రాసికొనినచో ఈ సంగతి తేలిపోవును.

ఋతువుతో మారునది నేల పని; దానిని గూర్చి చెప్పితిని. ఎన్నడును మారనిది మొదటి బిగింపులోనే జరిగిన పొరపాటు, లేదా అరుగుదల, లేదా ఫ్లాంజి కొస క్రిందికి వంగిపోవుట. ఈ ఒక్క దానికి మాత్రమే అతుకు వద్దనే మందు కలదు. తక్కిన మూడింటికి మందు వేరు చోట నున్నది.

ఇక సరిచేయు క్రమము. దూలము మీద చేయి వేయుటకు ముందే భారమును నేలకు దింపవలెను. ట్రాలీని అతుకునకు దూరముగా జరిపి కట్టివేయవలెను. విద్యుత్తు హాయిస్టు అయినచో మెయిను స్విచ్చి తీసి తాళము వేసి, తాళపు చెవిని పనిచేయువాడే తన జేబులో ఉంచుకొనవలెను. క్రింద మనుష్యులు తిరుగకుండ తాడు కట్టవలెను. అతుకు విప్పవలసి వచ్చినచో, రెండు ముక్కలకును క్రిందనుండి గట్టి ఆధారము నిలిపిన పిమ్మటనే మొదటి బోల్టు సడలింపవలెను. కప్పు దూలములకు గొలుసు కట్టి ఎత్తుట పలుచోట్ల కనబడు అలవాటు. కప్పును వాన గాలులకు లెక్కించి కట్టిరి గాని ఇనుప దూలపు బరువునకు కాదు. ఆ పని చేయరాదు.

పిమ్మట దూలపు పొడవునా దారము లాగి ప్రక్క వంపును చూడవలెను. ప్రతి ఆధారము వద్దను నీటిమట్టముతో ఎత్తు కొలువవలెను. తూకపు గుండుతో స్తంభములు నిటారుగా నున్నవో లేదో పరీక్షింపవలెను. ఈ అంకెలను తేదీతో సహా పుస్తకమున వ్రాయవలెను. ఒక్క నాటి కొలతలో సగము సత్యమే యుండును. వానకాలపు కొలతను, వేసవి కొలతను ప్రక్కప్రక్కన ఉంచినపుడు తక్కిన సగము తెలియును.

సరిచేయుట ఎల్లప్పుడును దూరమునుండి దగ్గరకు రావలెను. మొదట పునాది, తరువాత స్తంభము, తరువాత దూలమును మోయు బ్రాకెట్టు లేక వ్రేలాడు కడ్డీ, కట్టకడపట అతుకు. ఎత్తు తేడాను స్తంభపు నెత్తిన ఇనుప రేకుల షిమ్ములతోగాని, కడ్డీల నట్టులు త్రిప్పిగాని సవరింపవలెను. షిమ్ము దూలపు ఆనిక యంతటి వెడల్పుండవలెను. కొయ్య ముక్కలు, మడిచిన డబ్బారేకులు పనికిరావు, అవి నలిగిపోవును. కడ్డీలను అన్నిటిని కొంచెము కొంచెముగా సమముగా త్రిప్పవలెను. ఒక్క దానినే బిగించినచో భారమంతయు దాని మీదనే పడును. దూలములు వరుసకు వచ్చిన పిమ్మటనే అతుకు పలకల బోల్టులు బిగింపవలెను. బోల్టు బిగించి దూలమును వరుసకు లాగుట తలక్రిందుల పని. అట్లు లాగిన దూలము అవకాశము దొరకిన నాడు మరల తన చోటికి పోవును. రంధ్రములు కలియనిచో గ్యాసు మంటతో వానిని పెద్దవి చేయరాదు. బర్మాతో సరిచేసి, తగిన పెద్ద బోల్టు వేయవలెను.

ఇదంతయు జరిగిన పిమ్మట ఏ అర మిల్లీమీటరో మెట్టు మిగిలినచో అప్పుడు ఆకురాతికిగాని గ్రైండరుకుగాని పని కలదు. దానిని కూడ నిలువుగా కాక, 50 మిల్లీమీటరులకు తగ్గని ఏటవాలుగా దిగునట్లు తీయవలెను. తీసిన మందమును పుస్తకమున వ్రాయవలెను, లేనిచో వచ్చే సంవత్సరపు మెకానిక్కు తెలియక ఇంకొంత తీయును. అరిగిన చోట వెల్డింగుతో ఇనుము నింపుట సులభమని తోచును గాని అది నిపుణుని పని. వెల్డింగు వేడికి ఇనుము సాగి, చల్లారునపుడు ముడుచుకొని, దూలమునే వంచగలదు. గట్టిపడిన చోట పగులు పుట్టగలదు. పగులు కనబడినను, ఫ్లాంజి కొస వంగినను, దూలపు బలము ఎంతో తెలియకున్నను, పని నిలిపి ఇంజనీరును పిలుచుట తప్ప వేరు మార్గము లేదు.

కడపటిది పరీక్ష. మొదట ఖాళీ ట్రాలీ, తరువాత తేలిక బరువు, తరువాత పూర్తి భారము, చివరకు యోగ్యుడైన పరీక్షకుని సమక్షమున నిర్ణీత భారమునకు నాలుగవ వంతు అధికముగా తగిలించి, నేలనుండి జానెడు ఎత్తుననే ఉంచి, మెల్లగా అతుకు దాటింపవలెను. దాటుచున్నపుడు చెవితో వినవలెను, పిమ్మట కంటితో చూడవలెను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము తన 29వ విభాగమున ఎత్తు యంత్రములను కనీసము 12 నెలలకొకసారి యోగ్యుడైన వ్యక్తిచే సమగ్రముగా పరీక్షింపజేయవలెనని విధించినది. చట్టముల పేర్లు కాలముతో మారవచ్చును. ఆ నియమమందలి వివేకము మారదు. రేగడి నేలలోనైతే ఏడాదికొకసారి చాలదనియు, వానలు వెలిసిన పిమ్మట ఒకసారి, వేసవి ముదిరిన పిమ్మట ఒకసారి చూడవలెననియు నా యభిప్రాయము.

మరల ఆ కొట్టమునకు వత్తము. అచట మొదట చేసినది ఇనుప పని కాదు. రెండు కప్పుల నడుమ రేకు దోనె కట్టి వాననీటిని దూరముగా మళ్లించితిమి. కొత్త స్తంభము చుట్టును మీటరున్నర వెడల్పున నాపరాళ్లు పరచి, సందులు సిమెంటుతో పూడ్చి, నీరు బయటికి జారునట్లు వాలు పెట్టితిమి. నాపరాయి మన జిల్లా బేతంచెర్లలో పేరుపొందినదే గదా! ఆ తరువాతి సంవత్సరమున స్తంభపు కదలిక సగమునకు పైగా తగ్గెను. పిమ్మట స్తంభమును విప్పి, దాని క్రింద అండరు రీమ్డు పునాది వేసిరి. ఇది రేగడి నేలలకు తగిన పునాది. రూర్కీయందలి కేంద్ర భవన పరిశోధన సంస్థ దీనిని మన దేశమున అభివృద్ధి పరచి ప్రచారము చేసినది. నేలలో బావివలె సన్నగా తవ్వి, అడుగున కుండవలె వెడల్పు చేసి, ఇనుప చువ్వలతో కాంక్రీటు నింపుదురు. లోతైన రేగడిలో ఇది 3.5 మీటరులకు తక్కువ కారాదని భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. అడుగునున్న ఆ కుండ తేమ మారని పొరలో లంగరువలె పట్టుకొనును. పై మన్ను ఉబ్బినను స్తంభము లేవదు. ఫ్లాంజి పలుచబడిన రెండు దూలములను తీసివేసి కొత్తవి బిగించిరి. ఆనాటినుండి ఆ అతుకు మీద గ్రైండరు పెట్టవలసిన అవసరము కలుగలేదు.

ఖర్చు ఎంతయని యజమాని మొదట వెనుదీసెను. విరిగిన భుజపు మూర్తి కొట్టపు మూలనే యుండెను. ముసలి శిల్పి ఏమియు అనలేదు. ఆ మూర్తి వైపు ఒకసారి చూచెను. అంతటితో మాట ముగిసెను.

ఈ సంగతి ఎత్తు యంత్రములు గలవారికే పరిమితము కాదు. నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల ప్రాంతములందు రేగడిలో ఇండ్లు కట్టుకొన్నవారెందరో కలరు. వానకాలమున తలుపు బిగియును, వేసవిలో గోడ మూల నెర్రె తెరచుకొనును. వడ్రంగి తలుపును చిత్రిక పట్టును, మేస్త్రీ నెర్రెను సిమెంటుతో పూడ్చును, సున్నము కొట్టించి మనము నిశ్చింతగా నుందుము. మరుసటి ఏడు ఆ నెర్రె ఆ చోటనే మరల తెరచుకొనును. తలుపు చెక్కుటకు ముందు, నెర్రె పూడ్చుటకు ముందు, చూరునీరు ఎచట పడుచున్నదో ఒకసారి బయటికి పోయి చూడుడు. స్నానపు గది నీరు పునాది ప్రక్కననే ఇంకుచున్నదేమో చూడుడు. నెర్రెకు అటునిటు రెండు పెన్సిలు గీతలు గీసి, వానికి తేదీ వేసి, ఆరు నెలల తరువాత వాని నడుమ దూరము కొలువుడు. ఖర్చు లేని ఆ కొలత ఆ సంవత్సరపు సున్నము ఖర్చుకంటె ఎక్కువ మేలు చేయును.

ముసలి శిల్పి చెప్పిన మాటయే దూలమునకును, గోడకును వర్తించును. వంకర ఎచట కనబడినదో అచట చెక్కుట తేలిక. వంకర ఎచట పుట్టినదో అచటికి పోవుటకు ఓర్పు కావలెను. టన్నుల బరువు మనుష్యుల ప్రక్కన వ్రేలాడు చోట ఆ ఓర్పు లేనివాడు అతుకు ముట్టుకొనకుండుటయే మేలు.